పిస్టల్, రివాల్వర్ ట్రిగ్గర్ గార్డ్ ఆకారం ఎందుకు మారుతూ వచ్చింది: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో లైసెన్సు మీద రివాల్వరో పిస్టలో ఉన్న ఇళ్లు ఉన్నాయి. తాత పేరున ఉన్న పాత వెబ్లీ రివాల్వర్ మనవడి చేతికి వస్తుంది. ఊళ్లోకి వచ్చిన నాయకుడి వెంట ఉన్న భద్రతా సిబ్బంది నడుముకు గ్లాక్ పిస్టల్ కనిపిస్తుంది. ఒకదాని ట్రిగ్గర్ చుట్టూ గుండ్రటి ఇనుప వలయం, రెండోదానికి ముందు వైపు నలుచదరంగా తెగిన ప్లాస్టిక్ వలయం. ఈ తేడా అందం కోసం వచ్చింది కాదు. దీని గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ట్రిగ్గర్ గార్డ్ పని ఒకటేనా?

అసలు పని ఒకటే. పేల్చాలనుకున్న వేలు తప్ప వేరే ఏదీ ట్రిగ్గర్‌ను నొక్కకుండా చూడటం. చొక్కా అంచు, తాడు, చెట్టు కొమ్మ, కింద పడినప్పుడు తగిలే రాయి, వీటన్నిటికీ అదే అడ్డు. కాలక్రమంలో దానికి వేరే పనులు కూడా అంటగట్టారు: రెండో చేతి వేలికి ఆసరా, ఒరలో తుపాకీ జారకుండా పట్టు, కొన్నింటిలో తుపాకీ విప్పే మీట, ఇంకొన్నింటిలో మ్యాగజైన్ (తూటాల పెట్టె) వదిలే మీటకు చోటు.

ఆకారం మారిన చోటల్లా వెనక మూడు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. లోపలి మెకానిజం మారి ట్రిగ్గర్ ముందుకో వెనక్కో జరగడం, మనిషి పట్టుకునే తీరు మారడం, ఒర మారడం. కింది జవాబులన్నీ చివరికి ఈ మూడింటి దగ్గరికే వస్తాయి.

మందు దట్టించే కాలంనాటి పిస్టళ్లకు గార్డ్ ఎలా ఉండేది?

ఆ పిస్టళ్ల ఒళ్లంతా కొయ్య. ట్రిగ్గర్ ఆ కొయ్య కింద వేలాడేది. కాబట్టి గార్డ్ వేరే ముక్క. ఇత్తడిని పోత పోసో ఇనుమును సాగగొట్టో చేసి, మేకులతోనూ మరలతోనూ కొయ్యకు బిగించేవారు. రెండు కొసలనూ పొడవుగా సాగదీసి కొయ్యలోకి పొదిగేవారు. ముందు కొస చాలాసార్లు మొగ్గ ఆకారంలో ఉంటుంది. చూడటానికి నగిషీలా ఉన్నా, కొస ఎంత పొడవుంటే పట్టు అంత ఎక్కువ కొయ్య మీద పరుచుకుంటుంది. పొట్టి కొసతో బిగిస్తే, దెబ్బ తగిలినప్పుడు మరతో పాటు కొయ్య చీలిక కూడా ఊడి వచ్చేది.

కోయిలకుంట్ల ఖజానా మీద ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాడి చేసింది 1846లో, ఆయనను ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. అప్పటికి ఇక్కడి కుంఫిణీ సిపాయిల చేతుల్లో ఉన్నవి గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకులే. అదే 1847లో అమెరికాలో శామ్యూల్ కోల్ట్ వాకర్ రివాల్వర్ తయారు చేస్తున్నాడు. గార్డ్ చరిత్రలో అసలు మలుపులు అక్కడి నుంచే మొదలవుతాయి.

గార్డే లేని పిస్టళ్లు పాత బొమ్మల్లో కనిపిస్తాయి. అవి ప్రమాదం కాదా?

అవి పనిచేసే తీరు తెలిస్తే ఈ అనుమానం సగం తీరుతుంది. 1836 నాటి కోల్ట్ ప్యాటర్సన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్ ఫ్రేమ్‌లోకి (తుపాకీ లోహపు ఒళ్లులోకి) ముడుచుకుని ఉంటుంది. బొటనవేలితో హ్యామర్ (తూటాను పేల్చే దెబ్బ వేసే సుత్తి) వెనక్కి లాగితేనే ట్రిగ్గర్ కిందికి దిగుతుంది. బయట లేనిదానికి తగిలేదేముంది? అందుకే గార్డ్ అక్కర్లేదనుకున్నారు. కానీ ఆ ముడిచే ఏర్పాటుకు చిన్న చిన్న భాగాలు కావాలి, అవి సున్నితం. గుర్రం మీద, దుమ్ములో, తొందరలో వాడే ఆయుధానికి అది నప్పలేదు. వాకర్ నాటికి కోల్ట్ మామూలు ట్రిగ్గర్‌కూ ఇత్తడి గార్డ్‌కూ వచ్చేశాడు.

రెండో రకం జేబు పిస్టళ్లు. 1857 నాటి స్మిత్ అండ్ వెస్సన్ మొదటి మోడల్, 1866 నుంచి వచ్చిన రెమింగ్టన్ డబుల్ డెరింజర్ ఈ కోవలోవి. వీటిలో ట్రిగ్గర్ చిన్న మొలకలా, రెండు పక్కలా లోహపు గోడల మధ్య ఉంటుంది. ఇవి సింగిల్ యాక్షన్. అంటే హ్యామర్ ఎత్తి ఉంటేనే ట్రిగ్గర్‌కు పని. హ్యామర్ దించి ఉన్నప్పుడు ట్రిగ్గర్‌ను ఎంత నొక్కినా ఏమీ జరగదు. జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకు తట్టుకోకుండా గార్డ్ తీసేశారు. అయితే హ్యామర్ ఎత్తాక మాత్రం అడ్డు ఏమీ లేదు. డబుల్ యాక్షన్ వచ్చాక, హ్యామర్ ఎత్తకపోయినా ట్రిగ్గర్ లాగితే పేలే స్థితి ఏర్పడింది. దాంతో ఈ పద్ధతి చాలావరకు తగ్గిపోయింది.

గార్డ్ వెనక భాగం నలుచదరంగా ఉన్న కోల్ట్‌లు ఎందుకు ఆగిపోయాయి?

డ్రాగూన్ మొదటి, రెండో రకాల్లోనూ, 1851 నేవీ తొలి రివాల్వర్లలోనూ గార్డ్ వెనక మూల చదరంగా ఉండేది. తర్వాత వచ్చిన వాటిలో గుండ్రంగా మారింది. పాతవాటి విలువ కట్టేవాళ్లు ముందు చూసే గుర్తుల్లో ఇదొకటి.

ఇలా ఎందుకు మారిందో పిడి పట్టుకుని చూస్తే అర్థమవుతుంది. మధ్య వేలు సరిగ్గా గార్డ్ వెనక కిందనే ఉంటుంది. తుపాకీ తన్నినప్పుడు ఫ్రేమ్ వెనక్కీ కిందికీ వస్తుంది, ఆ మూల వెళ్లి వేలి కణుపు మీద కూర్చుంటుంది. గుండ్రటి గార్డ్ అయితే తన్ను వేలి మీద పరుచుకుంటుంది. ఈ పాఠం ఒకసారితో అయిపోలేదు. 1959లో రూగర్ కంపెనీ .44 మాగ్నమ్ సూపర్ బ్లాక్‌హాక్‌ను డ్రాగూన్ తరహా చదరపు గార్డ్‌తో తెచ్చింది. మందు బలం పెరిగిన కొద్దీ మధ్య వేలికి దెబ్బ కూడా పెరిగింది. అందుకే తర్వాత వచ్చిన పొట్టి గొట్టం రకాలకు గుండ్రటి గార్డ్ పెట్టారు.

రివాల్వర్ పేల్చిన ప్రతిసారీ మధ్య వేలి కణుపు వాస్తోంది. ఏం చేయాలి?

పైన చెప్పిన కారణమే. ముందు పట్టు చూసుకోండి. పిడిని మరీ పైకి పట్టుకుని మధ్య వేలిని గార్డ్‌కు అదిమి పెడితే దెబ్బ తప్పదు. పాత రివాల్వర్లలో గార్డ్ వెనక, పిడి ముందు ఒక ఖాళీ ఉంటుంది. వేలు దానిలోకి ఎగబాకుతుంది. ఆ ఖాళీని నింపే పిడి చెక్కలు లేదా అడాప్టర్ వేయిస్తే వేలు కాస్త కిందికి దిగి, గార్డ్ నుంచి దూరంగా ఉంటుంది. ఫ్రేమ్‌ను ముట్టుకోకుండా చేసే పని ఇది, చాలామందికి ఇంతటితోనే సరిపోతుంది.

గార్డ్‌ను ఆకురాయితో అరగదీయడం మాత్రం వద్దు. ఎందుకో చివర్లో ఉంది.

రివాల్వర్ గార్డ్‌లో ట్రిగ్గర్ ముందు అంత ఖాళీ ఎందుకు?

డబుల్ యాక్షన్‌లో ఒకే లాగుడుతో ట్రిగ్గర్ మూడు పనులు చేయాలి. తూటాలుండే సిలిండర్ తిప్పాలి, హ్యామర్ ఎత్తాలి, వదలాలి. అందుకు చాలా దూరం ప్రయాణం కావాలి. కాబట్టి ట్రిగ్గర్ చాలా ముందు నుంచి బయల్దేరుతుంది. ఆ ప్రయాణమంతా గార్డ్ లోపలే జరగాలి. సింగిల్ యాక్షన్ కోల్ట్ 1873 గార్డ్ పక్కన డబుల్ యాక్షన్ వెబ్లీ గార్డ్ పెడితే తేడా కంటికి కనిపిస్తుంది.

దీని వల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. హ్యామర్ ముందే ఎత్తితే ట్రిగ్గర్ వెనక్కి జరిగిపోతుంది. అప్పుడు దాని ముందు పెద్ద ఖాళీ మిగులుతుంది. లాగాల్సిన బలమూ సగానికి పైగా తగ్గుతుంది. అలా ఎత్తి పెట్టిన రివాల్వర్‌ను గార్డ్ ఉందిగదా అని ధైర్యంగా మోయడం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ ఖాళీలోకి గుడ్డ మడత సులువుగా దూరుతుంది.

ఇంగ్లండులో విలియం ట్రాంటర్ 1850ల్లో వేరే దారి తొక్కాడు. ఆయన రివాల్వర్‌కు రెండు ట్రిగ్గర్లు. కింది ట్రిగ్గర్ గార్డ్‌కు చేసిన సందులోంచి బయటికి వచ్చి మధ్య వేలికి అందుతుంది. అది హ్యామర్‌ను ఎత్తుతుంది, లోపలిది పేలుస్తుంది. పనితనం గొప్పదే కానీ, ఒకే ట్రిగ్గర్‌తో రెండు పనులూ సాఫీగా జరిగే మెకానిజాలు వచ్చాక దాని అవసరం తీరిపోయింది.

1870ల నాటి స్మిత్ అండ్ వెస్సన్ రెండో రష్యన్ మోడల్‌లో గార్డ్ కింద కొక్కెంలాంటి మొలక ఉంటుంది. మధ్య వేలు దాని మీద ఆనుతుంది. వేలికి ఆసరాగా గార్డ్‌ను మలచాలన్న ఆలోచన నూరేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది. కాకపోతే ఈసారి ముందు వైపున, ఎడమ చేతి వేలి కోసం.

కొన్ని పిస్టళ్లకు గార్డ్ మరీ పెద్దగా ఉంటుంది. మనకు అది అవసరమా?

అది చలి దేశాల అవసరం. మందపాటి చేతి తొడుగు వేసుకున్న వేలు చిన్న గుండ్రటి గార్డ్‌లో పట్టదు. పట్టినా ట్రిగ్గర్ ఎక్కడుందో తెలియదు. అన్నిటికన్నా చెడ్డ సంగతి, పేల్చాక తొడుగు ఇరుక్కుని ట్రిగ్గర్ పూర్తిగా ముందుకు రాదు. జపాన్ నంబు టైప్ 14 పిస్టల్ 1925లో చిన్న గుండ్రటి గార్డ్‌తో వచ్చింది. మంచూరియా చలిలో అనుభవం అయ్యాక 1930ల చివర్లో గార్డ్‌ను పెద్దది చేశారు. 1993లో వచ్చిన హెక్లర్ అండ్ కోచ్ యుఎస్‌పికీ తొడుగు వేలు పట్టేలా విశాలమైన గార్డ్ పెట్టారు.

మే నెలలో 40 డిగ్రీలు దాటే మన సీమలో తొడుగు గొడవే లేదు. అందువల్ల పెద్ద గార్డ్ మనకు లాభమూ కాదు, నష్టమూ కాదు. దానికి తగిన ఒర దొరుకుతుందా లేదా అన్నదే చూసుకోవాలి.

గార్డ్ పట్టి లాగితే పిస్టల్ విడిపోతుందంటారు, నిజమేనా?

1929లో వచ్చిన వాల్టర్ పిపి, దాని తమ్ముడు పిపికె, 1951లో సోవియట్ సైన్యం తీసుకున్న మకరోవ్, ఈ మూడింటిలోనూ నిజమే. గార్డ్ వెనక కొస కీలు మీద ఉంటుంది, ముందు కొస ఫ్రేమ్‌లోకి వెళ్లి స్లైడ్ (ముందుకూ వెనక్కూ జరిగే పిస్టల్ పై భాగం) మరీ వెనక్కి పోకుండా ఆపుతుంది. విడదీసే వరుస ఇది. మ్యాగజైన్ తీయాలి. స్లైడ్ లాగి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. గార్డ్ ముందు కొసను కిందికి లాగి, కొద్దిగా పక్కకు తోసి ఫ్రేమ్ అంచు మీద ఆనించాలి. అప్పుడు స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి, దాని వెనక భాగాన్ని పైకెత్తి, మెల్లగా ముందుకు వదలాలి.

తప్పు జరిగేది ఆనించే దగ్గరే. గార్డ్ సరిగ్గా పక్కకు కూర్చోకపోతే స్ప్రింగ్ బలానికి టపీమని లోపలికి పోతుంది. వేలు నలుగుతుంది, ఫ్రేమ్ మీద గీత పడుతుంది. స్లైడ్ పైకి లేవడం లేదంటే బలం పెంచకండి, గార్డ్ ఎక్కడుందో మళ్లీ చూడండి.

గార్డ్‌కు ఇంకో చిత్రమైన పని అప్పగించింది జర్మన్ లిగ్నోజ్ ఐన్‌హాండ్. 1920ల నాటి ఆ జేబు పిస్టల్‌లో గార్డ్ ముందు భాగాన్ని చూపుడు వేలితో వెనక్కి లాగితే స్లైడ్ వెనక్కి వస్తుంది. ఒంటి చేత్తో తూటా ఎక్కించవచ్చు. స్ప్రింగ్ బలహీనంగా ఉండే చిన్న .25 పిస్టల్ కాబట్టే వేలి బలానికి లొంగింది. పెద్ద తూటాల పిస్టళ్లకు ఈ కిటుకు పనికిరాదు.

గ్లాక్, బెరెట్టాల గార్డ్ ముందు భాగం చదరంగా, గరుకుగా ఎందుకుంటుంది?

అందరూ అడిగే ప్రశ్న ఇది. చాలాకాలం పిస్టల్ అంటే ఒంటి చేతి ఆయుధం. గుర్రపు రౌతు రెండో చేత్తో కళ్లెం పట్టుకోవాలి. సైనిక శిక్షణ కూడా అలాగే సాగింది. 1950ల చివర్లో లాస్ ఏంజెలెస్ డెప్యూటీ షెరీఫ్ జాక్ వీవర్ పోటీల్లో రెండు చేతుల పట్టుతో గెలవడం మొదలయ్యాక, పిస్టల్ శిక్షకుడు జెఫ్ కూపర్ ఆ పద్ధతికి ప్రచారం తెచ్చాడు. 1976లో ఐపిఎస్‌సి (పిస్టల్ పోటీల అంతర్జాతీయ సమాఖ్య) ఏర్పడి కూపరే దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. రెండో చెయ్యి పిస్టల్ మీదికి రాగానే, దాని చూపుడు వేలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. గార్డ్ ముందు భాగం మీద చుట్టి వెనక్కి లాగితే గొట్టం మూతి లేవదని చాలామంది నమ్మారు. గుండ్రటి గార్డ్ మీద వేలు జారిపోతుంది. కాబట్టి చదరం చేసి, కాస్త లోపలికి వంచి, గీతలు చెక్కారు.

బెరెట్టా 92 తొలి రకాలన్నిటికీ గార్డ్ గుండ్రమే. అమెరికా సైన్యం 1985లో ఎం9గా తీసుకున్న 92ఎఫ్‌కు వచ్చేసరికి ముందు భాగం చదరంగా లోపలికి వంగింది. చెక్ కంపెనీ సిజెడ్ 75కు గుండ్రం, దాని తర్వాతి 85కు చదరం. ఆస్ట్రియా సైన్యం 1982లో ఎంచుకున్న గ్లాక్ 17కు మొదటి నుంచీ చదరమే.

1980ల్లోనే రాబ్ లీథమ్, బ్రయాన్ ఎనోస్ వంటి పోటీదారులు వేరే పట్టుకు మారారు. రెండు బొటనవేళ్లూ ముందుకు చాచి, ఎడమ చేతి వేళ్లన్నిటినీ కుడి చేతి వేళ్ల మీదే చుట్టి, చూపుడు వేలిని గార్డ్ కిందికి అదిమి పెట్టడం. గార్డ్ ముందుకు ఎక్కిన వేలు నిజానికి చేతి పట్టును బలహీనపరుస్తుంది. ఆ ఒక్క వేలి కోసం అరచెయ్యి పిడి నుంచి తొలగుతుంది. పైగా పేలినప్పుడు ఆ వేలు పిస్టల్‌ను పక్కకు లాగవచ్చు, గురి ఎడమకు పోవచ్చు. అందరికీ ఇలా జరగదు, అక్కడ వేలు పెట్టి బాగా పేల్చేవాళ్లూ ఉన్నారు, కానీ చాలామందికి ఇది ఇబ్బందే. అందుకే ఇప్పటి శిక్షకుల్లో ఎక్కువమంది అక్కడ వేలు పెట్టొద్దంటారు. కొత్త పిస్టళ్లలో చాలావాటికి ముందు భాగం మళ్లీ గుండ్రబడింది.

గార్డ్ వెనక కింద లోపలికి తొలిచినట్టు ఉంటుంది. దాని వల్ల ఏమిటి లాభం?

గార్డ్ చరిత్రలో చదరపు ముందు భాగం కన్నా ఇదే విలువైన మార్పు. గార్డ్, పిడి కలిసే చోట లోహాన్ని పైకి తొలిస్తే మధ్య వేలు అంత మేర పైకి వెళుతుంది, చెయ్యి మొత్తం గొట్టానికి దగ్గరవుతుంది. గొట్టం చేతికి ఎంత ఎత్తున ఉంటే తన్నినప్పుడు మూతి అంత లేస్తుంది. ఆ ఎత్తు తగ్గితే రెండో గుండుకు గురి తొందరగా కుదురుతుంది. మొదట కోల్ట్ 1911 మోడల్ పిస్టళ్లను పోటీల కోసం మార్చే పనివాళ్లు దీన్ని చేశారు. ఇప్పుడు సిజెడ్ షాడో 2 వంటివి ఫ్యాక్టరీ నుంచే ఇలా వస్తున్నాయి.

తొలచడానికి హద్దుంది. ఆ చోట గార్డ్ మందం తగ్గితే తన్ను తాకిడికి అక్కడే పగులు మొదలవుతుంది. ఉక్కు కన్నా అల్యూమినియం ఫ్రేమ్‌లో ఈ ప్రమాదం ఎక్కువ. పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేమ్‌ను వేడి ఇనుముతో కాల్చి తొలిచే వీడియోలు తిరుగుతుంటాయి. వాటిని చూసి చేసినవాళ్ల చేతుల్లో గార్డ్ మెలి తిరిగి ట్రిగ్గర్‌కు రాసుకునే అవకాశం పక్కనే ఉంటుంది.

ఒర గార్డ్‌ను పూర్తిగా కప్పాలా? తోలు ఒర చాలదా?

పూర్తిగా కప్పాలి. ఇందులో రాజీ లేదు. పాత రివాల్వర్ ఒరల్లో ట్రిగ్గర్ బయటే ఉండేది. డబుల్ యాక్షన్ లాగుడు సుమారు 5 కిలోల బరువు, పొడవు ప్రయాణం కాబట్టి చాలావరకు గడిచిపోయింది. గ్లాక్ వంటి పిస్టల్‌లో లాగుడు సుమారు 2.5 కిలోలు, బయట సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ మధ్యలో ఉన్న చిన్న మీటే సేఫ్టీ, దాన్ని గుడ్డ మడత కూడా నొక్కగలదు. ఒర, గార్డ్ రెండూ కలిసి ట్రిగ్గర్‌ను కప్పి ఉంచితేనే అది సురక్షితం.

తోలు ఒర కొత్తలో బాగుంటుంది. మన ఎండకూ చెమటకూ కొన్నాళ్లకు మూతి మెత్తబడి లోపలికి ముడుచుకుంటుంది. తుపాకీ దించేటప్పుడు ఆ తోలు మడత గార్డ్‌లోకి వెళ్లి ట్రిగ్గర్ మీద కూర్చుంటుంది. కిందికి నొక్కితే పేలుతుంది, తొడకు గాయమవుతుంది. పొడవు చొక్కా అంచు, పంచె కొంగు, జర్కిన్ తాడు కూడా ఇదే పని చేస్తాయి.

పరీక్షకు తుపాకీ పూర్తిగా ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టండి. తుపాకీని ఒరలో ఉంచి ట్రిగ్గర్ ఉన్న చోట బయటినుంచి బొటనవేలితో గట్టిగా నొక్కండి. ట్రిగ్గర్ కదిలినట్టు తెలిస్తే ఆ ఒర పారేయండి. తుపాకీ తీసేశాక మూతి తెరిచే ఉండాలి. తిరిగి దించేటప్పుడు చొక్కాను ఎడమ చేత్తో పైకి లాగి, ఒర మూతిని చూస్తూ నెమ్మదిగా దించండి. ఎక్కడైనా అడ్డుపడితే బలవంతం చేయకుండా బయటికి తీయండి. ఒర లేకుండా నడుములో దోపుకోవడం మన వైపు అలవాటుగా ఉంది. అప్పుడు గార్డ్ ఒక్కటే మిగిలిన అడ్డు, దాని రెండు పక్కలూ తెరిచే ఉంటాయి.

గట్టి ప్లాస్టిక్ ఒరల్లో చాలావాటికి పట్టంతా గార్డ్ మీదే. టక్కుమని వినిపించేది గార్డ్ ముందు భాగం ఒరలోని గుంటలో కూర్చున్న చప్పుడు. అందుకే గుండ్రటి గార్డ్ పిస్టల్‌కు చేసిన ఒర చదరపు గార్డ్‌కు నప్పదు, రెండూ ఒకే కంపెనీవైనా సరే.

మన దుమ్ము, చెమట గార్డ్‌కు ఏం చేస్తాయి?

కర్నూలు నల్లరేగడి దుమ్ము, బేతంచెర్ల, తాడిపత్రి వైపు రాతి పొడి సన్నగా ఉండి నూనెకు అంటుకుంటాయి. ట్రిగ్గర్ ఫ్రేమ్‌లోకి వెళ్లే సందు దగ్గర ముద్దకడతాయి. ట్రిగ్గర్ ముందుకు రావడం మందగిస్తే ముందు అక్కడే అనుమానించండి. ఖాళీ చేశాక పొడి బ్రష్‌తో తుడిచి, ఆ తర్వాతే ఒక్క చుక్క నూనె వేయాలి. నూనె ఎక్కువైతే దుమ్మును తెచ్చిపెట్టుకున్నట్టే.

గార్డ్ లోపలి మూలల్లో చెమట ఉప్పు నిలిచి తుప్పు పడుతుంది. తోలు ఒరలోనే నెలల తరబడి ఉంచితే తోలు పీల్చుకున్న తేమ ఇనుమును తినేస్తుంది, ఇత్తడి గార్డ్ అయితే పచ్చటి చిలుము పడుతుంది. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చేసిన ఆయుధం తిరిగి వచ్చాక ఈ మూలలు తప్పక చూడండి. గార్డ్ వేరే ముక్కగా మరలతో బిగించిన పాత రకమైతే మరలు వదులయ్యాయేమో కూడా చూడాలి.

గార్డ్‌ను కోయించడం, అరగదీయించడం చేయవచ్చా?

1920ల్లో కోల్ట్ కంపెనీలో పనిచేసిన జె.హెచ్. ఫిట్జ్‌జెరాల్డ్ గార్డ్ ముందు సగాన్ని కోసేసి, త్వరగా వేలు పడేలా రివాల్వర్లు తయారు చేశాడు. పేరు గొప్పగానే వచ్చింది. కానీ ఆ తుపాకీలో ట్రిగ్గర్ పూర్తిగా బట్టబయలు. తెగిన గార్డ్ దెబ్బకు వంగితే ట్రిగ్గర్‌కు అడ్డుపడి, అవసరానికి తుపాకీ పేలదు. గార్డ్ ఫ్రేమ్‌తో కలిసి ఒకే ముక్కగా ఉన్న రివాల్వర్‌లో గార్డ్ తెగితే ఫ్రేమ్ బిగువూ కొంత పోతుంది.

మన చట్టం కూడా ఒప్పుకోదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాన్ని మార్చడం, మరమ్మతు చేయడం లైసెన్సు ఉన్న డీలరు, తయారీదారు మాత్రమే చేయాలి. ఊళ్లోని లేత్ మిషన్ వాడు ఎంత పనిమంతుడైనా అతనితో చేయిస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు. గార్డ్ వంగినా, పగిలినా, మర ఊడినా తూటాలు పూర్తిగా తీసేసి, లైసెన్సు పుస్తకంతో పాటు లైసెన్సున్న డీలరు దగ్గరికే తీసుకెళ్లండి. అతను రసీదు ఇచ్చాకే ఆయుధాన్ని అప్పగించి రండి.